కోతులు వాపస్ పోవాలంటే గుట్ట మీద పండ్లుండాలె

ఏటా వార్షికోత్సవ సంచిక వేసే ముందు భోజనాల హాల్లో కూర్చుని ఎవరు ఏది రాయాలో పంచుకుంటాం. చదువు విలువ మీద ఒకరు, అంబేడ్కర్ గారి జీవితం మీద ఒకరు, హాస్టల్ జ్ఞాపకాల మీద పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు రాస్తారు. ఈసారి మేం కోతుల మీద రాస్తామన్నప్పుడు అందరూ నవ్వారు. "రాయడానికి ఇంకేం దొరకలేదా అన్నా?" అని తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు. అడిగిన నిమిషంలోనే కిటికీ చువ్వల్లోంచి ఒక చెయ్యి వచ్చి వాడి పళ్ళెంలోని అరటిపండు పట్టుకుపోయింది. నవ్వులైతే ఆగలేదు గాని, ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ వద్దనలేదు.

మిత్రులారా, కోతుల బాధ మన హాస్టల్లో ఎవరికీ కొత్త కాదు. ఆరేసిన బట్టలు చింపడం, నీళ్ళ ట్యాంకు మూత తీసి అందులో స్నానం చేయడం, గుడ్డు పెట్టే రోజు గోడ మీద వరసగా కూర్చుని మనకంటే ముందు గంట కోసం ఎదురు చూడడం, ఇవన్నీ మనం చూసినవే. చెప్పుకోవడానికి తమాషాగా ఉంటాయి. కానీ పోయిన ఏడాది ఏడో తరగతి తమ్ముడిని వరండాలో కోతి కరిచిన రోజు తమాషా లేదు. దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోతే టీకా మందు అయిపోయిందన్నారు. వార్డెన్ సార్ బండి మీద పట్నం తీసుకుపోయి వేయించుకొచ్చేసరికి చీకటి పడింది. ఆ వారం వాడు పరీక్ష రాయలేదు. ఇప్పటికీ వాడు ఒంటరిగా బావి వైపు పోడు.

"కూలోళ్ళ పిల్లలం మనం. మెస్ చార్జీల గురించో స్కాలర్‌షిప్పుల గురించో రాయక ఈ కోతుల గోల ఎందుకు?" అని ఒక పూర్వ విద్యార్థి అన్న ఫోన్లో అడిగాడు. ఆ అన్న మాటను మేం తీసేయడం లేదు. కానీ కోతుల గోల కూలి గోలే అని మా అభిప్రాయం. ఎట్లాగో చెప్తాం.

మాలో చాలామంది అమ్మలు పల్లికాయ తెంపే కూలికి, మక్క కంకులు విరిచే కూలికి, కూరగాయల తోటల్లో కలుపుకు పోయినవాళ్ళే. ఈ పదిపదిహేనేళ్ళలో గుట్టల పక్కనున్న ఊళ్ళలో పల్లి వేసే రైతులు తగ్గిపోయారు. విత్తనం వేసిన నాటి నుంచి కాయ పీకే దాకా కోతులకు కావలి ఉండాలి. మనిషిని పెడితే గిట్టదు, పెట్టకపోతే పంట దక్కదు. అందుకని కోతి ముట్టని పత్తికీ, నీళ్ళుంటే వరికీ మారిపోయారు. రైతుకు పంట మారింది. మన అమ్మలకు మాత్రం ఏడాదిలో కొన్ని వారాల పని పోయింది. కూలి కింద ఇంటికొచ్చే పల్లీలూ పోయాయి.

ఇక ఇళ్ళ సంగతి. స్లాబు ఇంటి మీద కోతి దుమికితే చప్పుడవుతుంది, అంతే. కూనపెంకుల ఇంటి మీద దుమికితే పెంకులు పగులుతాయి, వానాకాలం అంతా ఇల్లు కురుస్తుంది. పైకప్పు మీద ముళ్ళకంప పరిచిన ఇళ్ళు ఎవరివో మనకు తెలుసు. సాధారణంగా గుట్టకు, చెరువుకు, కంచెలకు దగ్గరగా ఊరి చివరన ఉండేది మన వాడలే. అడవిలోంచి దిగిన మంద ముందు చూసేది మన ఇంటినే. ఊళ్ళో ఇనుప జాలీలు కొనగలిగినవాళ్ళు కొనుక్కుంటారు. కొనలేనివాళ్ళు కర్ర పట్టుకుని కూర్చుంటారు. బడికి పోవాల్సిన పిల్ల ఇంటికాడ కావలి ఉంటుంది. అందుకే ఇది మన సంచికలో రాయవలసిన విషయమే అనుకున్నాం.

అసలు కోతి ఊళ్ళోకి ఎందుకు వచ్చింది? "కలికాలం, కోతులు ఎక్కువైపోయాయి" అంటారు పెద్దలు. ఎక్కువైన మాట కొంత నిజం కావచ్చు. కానీ అవి నిన్న మొన్న ఆకాశం నుంచి ఊడిపడలేదు. మన దగ్గర రెండు రకాల కోతులున్నాయి. నెత్తి మీద వెంట్రుకలు టోపీ పెట్టినట్టు పాపిట తీసి ఉండి, పొడుగు తోకతో కనిపించేది దక్షిణాది కోతి. ఇంగ్లీషులో దాన్ని బానెట్ మకాక్ అంటారు. పొట్టి తోక, ఎర్రటి మూతి, ఎర్రటి పిరుదులు ఉండేది ఉత్తరాది కోతి, రీసస్ మకాక్. ఒకప్పుడు తూర్పు వైపు గోదావరి, పడమటి వైపు తపతి నది ఈ రెండింటికీ సరిహద్దులాగా ఉండేవి. రీసస్ కోతి ఆ సరిహద్దు దాటి దక్షిణానికి వస్తున్నదనీ, దాని వల్ల బానెట్ కోతికి చోటు తగ్గుతున్నదనీ 2011లో పరిశోధకులు రాశారు. బానెట్ కోతిని ఇవాళ ప్రపంచ స్థాయిలో ముప్పున్న జంతువుల జాబితాలో చేర్చారు. మన గోడ మీద కూర్చుని పండ్లు ఇకిలించేది ముప్పున్న జంతువా అని మాకూ నవ్వొచ్చింది. కానీ లెక్క చూస్తే అది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేని కోతి.

ఈ బానెట్ కోతి పాతకాలం నుంచీ చెట్ల బాటల మీద, గుళ్ళ దగ్గర, చెరువు కట్టల మీద మనుషులకు దగ్గరగానే బతికింది. రోడ్డుకు రెండు పక్కలా మర్రి, రావి, జువ్వి, మేడి, చింత ఉండేవి. ఒక చెట్టు పండ్లు అయిపోతే ఇంకో చెట్టు పండేది. రోడ్లు వెడల్పు చేసినప్పుడు ముందుగా పోయింది ఆ చెట్లే. కొత్తగా నాటినవి పచ్చగా ఉంటాయి, పూలు పూస్తాయి, కానీ తినేందుకు కాయ ఇవ్వవు. గుట్టల మీద తునికి, మోర్రి, పాల, రేగు పోయి కొన్నిచోట్ల క్వారీలు వచ్చాయి, కొన్నిచోట్ల నీలగిరి తోటలు వచ్చాయి. నీలగిరి తోట దూరం నుంచి అడవిలాగే కనిపిస్తుంది. లోపలికి పోయి చూస్తే ఒక్క పిట్ట అరుపు వినబడదు. ఆకలైన కోతికి అది ఎడారితో సమానం.

అడవిలో తిండి తగ్గుతున్న రోజుల్లోనే ఊళ్ళో తిండి పెరిగింది. ఇది కూడా మనం ఒప్పుకోవాలి. ఫంక్షన్ హాళ్ళ వెనక పారబోసిన అన్నం, కిరాణా షాపు ముందు బిస్కట్ పెట్టెలు, ఘాట్ రోడ్డు మీద కారు ఆపి అరటిపండ్లు విసిరే భక్తులు, మన హాస్టల్ వెనక కుడితి తొట్టి, వీటన్నిటితో కోతికి ఊరు మరిగింది. గంటల తరబడి చెట్టెక్కి చిన్న చిన్న మేడిపండ్లు ఏరుకునే బదులు ఒక్క దూకుడుతో రొట్టెముక్క దొరుకుతుంటే మనిషైనా ఏం చేస్తాడు? ఊరి తిండి రుచి చూసిన తల్లి తన పిల్లకు అదే దారి చూపిస్తుంది. ఆ పిల్ల అడవి మొహం చూడకుండానే పెరిగి పెద్దదవుతుంది.

దీనికి జనం చేస్తున్న ఉపాయాలు చూడండి. ఇంటి ముందు పులి బొమ్మ ఫ్లెక్సీ కడతారు. వారం రోజులు కోతులు దూరంగా కూర్చుంటాయి, ఎనిమిదో రోజు ఆ ఫ్లెక్సీ మీదే కూర్చుంటాయి. కొందరు కొండముచ్చును తెచ్చి కట్టేస్తారు. దాన్ని పట్టుకుని కట్టేయడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పైగా దాన్ని మెడకు తాడేసి ఎండలో కూర్చోబెట్టడం చూడలేని పని. ఇంకా పెద్ద ఉపాయం ఏమిటంటే చందాలు వేసుకుని కోతులు పట్టేవాళ్ళను పిలిపించడం. కోతికి ఇంతని లెక్క కట్టి బోనుల్లో పట్టి రాత్రికి రాత్రి వ్యానులో తీసుకుపోయి ఎక్కడో వదిలేస్తారు. ఆ 'ఎక్కడో' ఇంకో ఊరి పొలిమేర. అక్కడి జనం మళ్ళీ చందాలు వేసుకుంటారు. ఒక్కోసారి వదలడానికి వచ్చిన వ్యానుకు అడ్డం పడి కొట్లాడుకుంటారు కూడా.

ఈ ఉపాయాన్ని మేం ఒప్పుకోం. తనకు అక్కరలేని దాన్ని పొలిమేర అవతలికి నెట్టేస్తే పని అయిపోయినట్టేనన్న ఆలోచన మనకు బాగా తెలిసిన ఆలోచన. ఆ పొలిమేర అవతల కూడా మనుషుల ఇళ్ళు ఉంటాయి, అవి ఎక్కువగా మనలాంటి వాళ్ళవే ఉంటాయి. ఒక ఊరి బాధను ఇంకో ఊరి వాడలో దింపి రావడం పరిష్కారం కాదు.

దేశ రాజధానిలో ఇదే పని పెద్ద ఎత్తున చేసి చూశారు. 2007లో ఢిల్లీ డిప్యూటీ మేయర్ తన ఇంటి బాల్కనీలో కోతులను తోలబోయి కింద పడి చనిపోయారు. ఆ ఏడాది హైకోర్టు ఆదేశంతో నగరంలోని కోతులను పట్టి దక్షిణపు అంచునున్న అసోలా భట్టి అభయారణ్యంలో వదలడం మొదలుపెట్టారు. వేల కోతులను తరలించారు. అవి తిరిగి రాకుండా పండ్లు, కూరగాయలు కొని రోజూ వేయవలసి వచ్చింది. అయినా చుట్టుపక్కల బస్తీల్లోకి కోతులు వస్తూనే ఉన్నాయి, నగరంలోని కోతులూ పూర్తిగా పోలేదు. తిండి పండే అడవి ముందు తయారు కాకుండా కోతిని అడవికి పంపితే ఇంతే.

మన రాష్ట్రంలో ఈ మాట అందరికంటే ముందు నినాదంగా వచ్చింది. 2015 జూలైలో హరితహారం మొదలైనప్పుడు "వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె" అన్నారు. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్న మాలో కొందరం ర్యాలీలో ప్లకార్డు పట్టుకుని ఈ నినాదం అరిచినవాళ్ళమే. అడవుల్లో పండ్ల చెట్లు పెంచి 'మంకీ ఫుడ్ కోర్టులు' చేస్తామన్నారు, కొన్నిచోట్ల నాటారు కూడా. ఆలోచన మంచిది. ఇప్పటికీ మంచిదే. కానీ నాటిన మొక్కల లెక్క చెప్పినంత గట్టిగా, ఏ గుట్ట మీద ఏ చెట్టు ఎన్ని పండ్లు కాసిందో లెక్క చెప్పినవాళ్ళు మాకు కనిపించలేదు. కోతికి మొక్కల లెక్కతో పని లేదు, పండ్ల లెక్కతోనే పని.

ఈ సందర్భంలో ఒక దూరదేశపు ముచ్చట చెప్పాలి. మన హాస్టల్లో చదివి ఇప్పుడు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉద్యోగం చేస్తున్న అన్న ఒకరు మా వ్యాసం సంగతి తెలిసి ఫోటో పంపాడు. రోడ్డు మధ్యలో నాలుగు పెద్ద కోళ్ళు నిలబడి కార్లను ఆపేసినయి! అవి అడవి టర్కీ కోళ్ళు. ఆ రాష్ట్రం పేరు మసాచుసెట్స్. అక్కడ అడవులు నరికి, విచ్చలవిడిగా వేటాడి 1851 నాటికి ఈ కోడి లేకుండా చేసుకున్నారు. తర్వాత అడవులు మళ్ళీ పెరిగాయి. 1970ల మొదట్లో పక్కనున్న న్యూయార్క్ రాష్ట్రం నుంచి 37 కోళ్ళను తెచ్చి బెర్క్‌షైర్ కొండల్లో వదిలారు. ఇవాళ అవి 30 వేలకు పైగా అయ్యాయి. అడవిలోనే ఉంటే బాగుండేది. కానీ ఇళ్ళ ముందు పిట్టలకు వేసే గింజలు, జనం విసిరే తిండి మరిగి ఊళ్ళలోకి దిగాయి. మనుషులకు భయపడడం మానేసి పిల్లలనూ పోస్ట్‌మ్యాన్‌నూ తరుముతున్నాయట. కారు తలుపులో తమ నీడను చూసి ఇంకో కోడి అనుకుని పొడుస్తాయట.

అక్కడి వన్యప్రాణి శాఖవాళ్ళు చెప్పే మొదటి మాట ఒక్కటే: తిండి పెట్టకండి. టర్కీ కోడి బతకాలంటే సింధూరపు కాయలు రాలే చెట్లు, పొదలు, రాత్రి ఎక్కి పడుకునేందుకు పెద్ద మానులు ఉన్న అడవి కావాలి. ఆ అడవి అక్కడ ఉంది. ఉన్నా కూడా ఊళ్ళో తేరగా తిండి దొరికితే కోడి ఊళ్ళోకే వచ్చింది. ఈ ముచ్చట నుంచి మేం నేర్చుకున్నది ఏమిటంటే, అడవిలో తిండి పెట్టడం సగం పని, ఊళ్ళో తిండి తీసేయడం మిగతా సగం. ఒక సగం చేసి రెండో సగం వదిలేస్తే మొదటిదీ వృథా అవుతుంది.

మన అనుభవం కూడా చెప్పుకుందాం, దాచుకోవలసింది ఏమీ లేదు. రెండేళ్ళ కింద మేం, ఊరి యువజన సంఘం వాళ్ళు కలిసి వానాకాలంలో పెద్దగుట్ట కింద ఒక వంద గుంతలు తవ్వాం. నర్సరీలో ఏ మొక్కలుంటే అవే తెచ్చాం. సగం టేకు, కొన్ని గుల్మొహర్లు, మిగతావి జామ, నేరేడు. ఫోటోలు దిగాం. పేపర్లో కూడా వచ్చింది. జామ మొక్కలను కోతులే పీకేశాయి. కొన్నింటిని మేకలు తిన్నాయి. ఎండాకాలంలో నీళ్ళు పోసినవాళ్ళు లేరు, మేమందరం సెలవులకు ఇళ్ళకు పోయాం. జూన్‌లో వచ్చి చూస్తే బతికిన వాటిలో ఎక్కువ టేకులే. టేకు ఆకు మేక కూడా ముట్టదు, ఇక కోతికేం పనికొస్తుంది?

ఆ రోజు బాగా సిగ్గుపడ్డాం. అప్పుడు మన హాస్టల్ వాచ్‌మన్ తాత ఒక మాట చెప్పాడు. "మీరు నాటింది మీకు దొరికిన చెట్టు బిడ్డా. కోతి తినే చెట్టేదో నన్నడిగితే చెప్పేవాణ్ణి గదా" అన్నాడు. చిన్నప్పుడు పశువులు కాసిన మనిషి. ఏ నెలలో ఏ పండు తిని పొద్దు గడిపాడో వేళ్ళ మీద చెప్పాడు. మేం అది రాసుకున్నాం.

ఎండాకాలం మొదట్లో చింతకాయ, సీమచింత. ఎండలు ముదిరాక తునికి పండ్లు, మోర్రి పండ్లు, మర్రి పండ్లు, తర్వాత పాల పండ్లు. తొలకరిలో నేరేడు, ఈత. వానలు వెనకబట్టేటప్పుడు సీతాఫలం. చలికాలంలో వెలగ, ఉసిరి, రేగు. మేడి చెట్టు మాత్రం ఏడాదిలో చాలాసార్లు కాస్తుంది, మిగతా చెట్లు ఎగ్గొట్టిన రోజుల్లో అదే దిక్కు. పుస్తకాల్లో వెతికితే దొరకని పన్నెండు నెలల పట్టిక ఇది. పన్నెండు నెలల్లో ఏ ఒక్క నెల ఖాళీ ఉన్నా ఆ నెలలో కోతి ఊళ్ళోకి దిగుతుంది, దిగినది మళ్ళీ తిరిగిపోదు. అందుకే ఒకే రకం చెట్లు వెయ్యి నాటడం కంటే పది రకాలు వంద నాటడం మేలు.

తాత ఇంకో కిటుకు చెప్పాడు. మర్రి, రావి, జువ్వి చెట్లకు చిన్న మొక్క కోసం చూడనక్కరలేదు. మనిషెత్తు లావు కొమ్మ నరికి వానాకాలంలో లోతుగా పాతితే చిగురేస్తుంది. మేక మూతికి అందదు. కిందటేడు పాతిన కొమ్మల్లో చాలావరకు పట్టుకున్నాయి. చిన్న మొక్కల చుట్టూ ఈసారి రేగుకంప, తుమ్మకంప కట్టాం. అయినా అన్నీ బతకలేదు. ఓపిక పట్టాలని అర్థమైంది. జామ, సీతాఫలం మూడు నాలుగేళ్ళకు కాస్తాయి. గింజ నాటిన నేరేడు, చింత కాపుకు వచ్చేసరికి ఎనిమిది పదేళ్ళు పడుతుంది. అంటే ఇవాళ మూడో తరగతి చదివే తమ్ముడు పదో తరగతి దాటాక గాని ఆ చెట్టు కింద కోతి కూర్చోదు.

ఎక్కడ నాటాలన్నది కూడా ముఖ్యమే. ఊరి నడుమ పార్కుల్లో, బడి ఆవరణలో కోతుల కోసమని పండ్ల చెట్లు నాటితే అది కోతిని ఇంటికి పిలిచినట్టే. పొలాలు దాటి, గుట్ట అవతలి వైపు, నీళ్ళు నిలిచే వాగు దగ్గర నాటాలి. ఎండాకాలంలో తిండి ఒక్కటే చాలదు, నీళ్ళు కూడా కావాలి. అటవీ శాఖ వాళ్ళు అడవుల్లో సాసర్ పిట్లు కట్టి ట్యాంకర్లతో నింపుతుంటారు. మన గుట్ట మీద కూడా అట్లాంటివి కట్టి నింపమని అడగాలి.

ఇక నిజాయితీగా ఒప్పుకోవలసిన మాట. ఇప్పుడు ఊళ్ళో పుట్టి ఊళ్ళో పెరిగిన కోతులన్నీ చెట్లు నాటగానే లేచి అడవికి పోతాయని మేం చెప్పడం లేదు. తిండి ఎక్కువైతే సంతానం కూడా పెరగవచ్చు. అందుకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కూడా జరగాలి. హిమాచల్ ప్రదేశ్‌లో 2006–07 నుంచి లక్షకు పైగా కోతులకు చేశారు. మన నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం పెట్టి ఆపరేషన్లు మొదలుపెట్టారు. దక్షిణాదిలో అదే మొదటిది. ఒక్క కేంద్రం రాష్ట్రమంతటికీ ఎట్లా సరిపోతుంది? ఇట్లాంటివి ఉమ్మడి జిల్లాకు ఒకటైనా కావాలని అడగడంలో తప్పు లేదు. కానీ ఆపరేషన్ అయిన కోతికీ ఆకలి ఉంటుంది, అది ఇంకా చాలా ఏళ్ళు బతుకుతుంది. కాబట్టి ఆపరేషన్ ఉంది గదా అని చెట్లు మానేయడానికి లేదు, చెట్లున్నాయి గదా అని ఆపరేషన్ మానేయడానికీ లేదు.

కోతి లేకపోతేనే బాగుండు అనేవాళ్ళకు ఒక్క మాట. కోతి దౌడల్లో రెండు సంచులుంటాయి. పండ్లు దొరికిన చోట గబగబా వాటిలో కుక్కుకుని దూరంగా పోయి కూర్చుని తింటుంది, గింజలు అక్కడ ఉమ్ముతుంది. మనం గడ్డపారతో గుంతలు తవ్వి, నీళ్ళు పోసి పెంచలేని గుట్ట కొసన రేగు, నేరేడు మొలిపించేది అదే. అడవిలో ఉన్న కోతి తోటమాలి. ఊళ్ళోకి వచ్చిన కోతే దొంగ అయింది. దొంగను చేసింది ఎవరో మనం ఆలోచించాలి.

మరి మనం ఏం చేద్దాం? పెద్ద పెద్ద మాటలు చెప్పి ముగించడం మాకు ఇష్టం లేదు. మా చేతనయ్యేవి, మీ చేతనయ్యేవి రాస్తాం.

హాస్టల్లో ఉన్న మేం ఈ ఏడాది కొన్ని పనులు మొదలుపెట్టాం. స్టోరు గది కిటికీలకు జాలీ కొట్టించాం. పళ్ళేల్లో మిగిలిన అన్నం బయట పారబోయకుండా మూత ఉన్న గుంతలో వేసి ఎరువు చేస్తున్నాం. గుడ్డు, అరటిపండు భోజనాల హాలు దాటి బయటికి తేకూడదని మాకు మేమే నియమం పెట్టుకున్నాం. మా వంట అక్క చెప్పినట్టు, "కోతికి భయం నేర్పుడు కంటే మీకు బుద్ధి నేర్పుడే అల్కగా" ఉంది. కోతులు రావడం ఆగలేదు గాని తగ్గింది. తమ్ముళ్ళకు ఇంకో మాట. కోతి కళ్ళలోకి చూసి పళ్ళికిలించి ఆట పట్టించకండి, అది దానికి కయ్యానికి పిలిచినట్టు. కరిచినా, గీరినా దాచుకోకుండా వెంటనే సబ్బుతో, ధార కట్టే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వార్డెన్ సార్‌కు చెప్పి ఆసుపత్రికి పోవాలి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు.

ఊళ్ళలో ఉన్న పూర్వ విద్యార్థులు, అందులోనూ వార్డు మెంబర్లుగా, సర్పంచులుగా గెలిచిన అన్నలు అక్కలు మా మాట వినాలని మనవి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామ పంచాయతీకి నర్సరీ పెట్టింది, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కూడా పెట్టింది. ఆ నర్సరీలో ఏ మొక్కలు పెంచాలో గ్రామసభలో మీరు నోరు విప్పి అడగండి. టేకు, గుల్మొహర్, కోనోకార్పస్ కాదు, మేడి, జువ్వి, తునికి, మోర్రి, వెలగ, రేగు కావాలని అడగండి. గుంతలు తవ్వే పని, కంప కట్టే పని, రెండు ఎండాకాలాలు నీళ్ళు పోసే పని మన వాడ అమ్మలకు కూలిగా ఇప్పించండి. కోతుల వల్ల పోయిన పని దినాలు కోతుల పేరు మీదనే తిరిగి వస్తాయి. పండ్లు కాశాక సీతాఫలాలు, తునికి పండ్లు ఏరి అమ్ముకునేదీ వాళ్ళే. కాకపోతే చెట్టు మీది పండ్లు సగం వదలాలి. అంతా మనమే ఏరుకుంటే గుట్ట మీద కోతికి ఏం మిగులుతుంది?

దేవుడి పేరు మీద రోడ్డు మీద అరటిపండ్లు పంచే మిత్రులకు చేతులు జోడించి చెప్తున్నాం. మీ భక్తిని మేం తప్పు పట్టడం లేదు. మంగళవారం, శనివారం పెట్టే ఆ డజను పండ్ల ఖర్చుతో ఏడాదికి ఒక్క మేడి చెట్టు గుట్ట మీద పెంచండి. మీరు పండు విసిరిన రోడ్డు మీదే లారీ కింద పడి పిల్లకోతి చచ్చిపోతున్నది. అది పుణ్యం ఎట్లా అవుతుంది?

ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు చివరి విన్నపం. ప్రతి వార్షికోత్సవానికి మీరు వస్తారు, మమ్మల్ని చూసి సంతోషపడతారు, శాలువాలు, ఫ్లెక్సీలు తెస్తారు. ఈసారి శాలువాలు వద్దు. పన్నెండు నెలల పట్టికలో ఒక్కో బ్యాచ్ ఒక్కో నెల తీసుకోండి. ఆ నెలలో పండే చెట్లు ఒక పది, వాటికి రెండు ఎండాకాలాల నీళ్ళ ట్యాంకరు ఖర్చు, అంతే. ఫోటో కోసం మొక్క పట్టుకుని నిలబడకండి, మూడో ఏడు వచ్చి చెట్టు పక్కన నిలబడండి. సెలవుల్లో నీళ్ళు పోయడానికి ఊళ్ళోనే ఉండే పదిమంది విద్యార్థులం పేర్లు రాసి ఇచ్చాం. వంతుల పట్టిక భోజనాల హాల్లో గోడకు అతికించాం, వచ్చినప్పుడు చూడండి.

మనలో చాలామందికి సొంత భూమి లేదు. ఉన్న గుట్ట అందరిదీ అంటారు గాని, దాని మీద కూడా మాట చెప్పే అవకాశం మనకు ఎప్పుడూ రాలేదు. ఈ చెట్ల పని పెట్టుకుంటే ఆ గుట్ట మీద మనకూ ఒక మాట ఉంటుంది. కోతులు వాపస్ పోతాయో లేదో పదేళ్ళకు గాని తెలియదు. అప్పటికి మేం ఇక్కడ ఉండం. ఆ ఏటి సంచికలో ఎవరో ఒక తమ్ముడు పెద్దగుట్ట మీద ఏ నెల ఏ పండు పండిందో రాయాలని, ఆ రాసేటప్పుడు వాడి పళ్ళెంలో అరటిపండు భద్రంగా ఉండాలని కోరుకుంటున్నాం.

– హాస్టల్ విద్యార్థులు, పూర్వ విద్యార్థుల సంఘం తరఫున